పాండిచ్చేరిలో ఒక గోల్కొండ: ఏసీ లేకుండా చల్లగా ఉండే కాంక్రీట్ బిల్డింగ్ కథ

ఇవాళ్టి ఎపిసోడ్ ఒక బిల్డింగ్ గురించి. దాని పేరు గోల్కొండ. కోట కాదు. కోటకైతే మన ఇబ్రహీంపట్నం నుంచి పొద్దున బండి మీద పోయి, సాయంత్రానికి ఇంటికి వచ్చేయొచ్చు. ఈ గోల్కొండ చూడాలంటే మాత్రం రాత్రంతా బస్సులో కూర్చోవాలి, ఎందుకంటే అది పాండిచ్చేరిలో ఉంది. ఫ్రెంచ్ వాళ్ళు వాళ్ళ నోటికి తగ్గట్టు చివర్లో 'అ'కారం మింగేసి 'గోల్కొండ్' అంటారు.

మన గోల్కొండ పేరు అక్కడెందుకుంది? ఎందుకంటే దాన్ని కట్టడం మొదలుపెట్టింది మన హైదరాబాద్ డబ్బుతో. 1930లలో అరవింద ఆశ్రమం వాళ్ళు, తమ దగ్గర ఉండేవాళ్ళకీ వచ్చేపోయేవాళ్ళకీ గదులు కావాలని అనుకున్నారు. ఆ సమయంలో నిజాం ప్రభుత్వంలో పెద్ద పదవిలో ఉన్న సర్ అక్బర్ హైదరీకి అరవిందుల మీద చాలా గౌరవం ఉండేది. ఆయన చొరవతో హైదరాబాద్ సర్కారు నుంచి లక్ష రూపాయలు అందాయి. ఈ హైదరీ ఎవరో కాదు, ఉస్మానియా యూనివర్సిటీ రావడానికి వెనకున్న ముఖ్యుల్లో ఒకరు. 1937 నుంచి 1941 దాకా హైదరాబాద్ రాజ్యానికి ప్రధానమంత్రి. డబ్బు హైదరాబాద్‌ది కాబట్టి బిల్డింగ్‌కి గోల్కొండ అని పేరు పెట్టారు. పైగా ఫ్రెంచ్‌లో, ఇంగ్లిష్‌లో ఆ మాటకి 'తరగని నిధి' అనే అర్థం అప్పటికే ఉంది. మన వజ్రాల పుణ్యం.

మన ఊరి పేరు కూడా గోల్కొండ సుల్తాన్ ఇబ్రహీం కుతుబ్ షా పేరు మీదుగా వచ్చిందే. అంటే మనం ఈ బిల్డింగ్‌కి దూరపు చుట్టాలం. చుట్టరికం ఉంది కాబట్టి కాస్త చనువుగా మాట్లాడుకుందాం.

ముందే ఒక మాట. ఇది హోటల్ కాదు. రిసెప్షన్ ఉండదు, ఆన్‌లైన్ బుకింగ్ ఉండదు. కానీ దాన్ని డిజైన్ చేసినవాళ్ళ ముందున్న సమస్య మాత్రం అచ్చంగా హోటల్ సమస్యే: ఒకే బిల్డింగ్‌లో చాలా గదులు, ప్రతి గదిలో ఒక కొత్త మనిషి, అతనికి గాలి కావాలి, వెలుతురు కావాలి, తలుపేసుకుంటే ఎవరికీ కనబడకూడదు. ఈ సమస్యకి 20వ శతాబ్దం రెండు జవాబులు ఇచ్చింది. ఒకటి మనకు రోజూ కనబడేదే, అద్దాల డబ్బా. రెండోది ఈ గోల్కొండ. సాగర్ రోడ్డు మీద వెళ్తుంటే మొదటి జవాబు ఎన్నిసార్లు కనిపిస్తుందో లెక్కపెట్టండి. రెండోది ఒక్కసారి కూడా కనిపించదు. ఎందుకు అన్నదే ఇవాళ్టి ప్రశ్న.

కథలో మనుషుల్ని చూద్దాం, మస్తు ఇంట్రెస్టింగ్‌గా ఉంటారు. ఆర్కిటెక్ట్ పేరు ఆంటోనిన్ రేమండ్. చెక్ దేశంలో పుట్టి, అమెరికా పోయి, అక్కడ ఫ్రాంక్ లాయిడ్ రైట్ అనే మహా పేరున్న ఆర్కిటెక్ట్ దగ్గర చేరాడు. రైట్ అప్పుడు టోక్యోలో ఇంపీరియల్ హోటల్ కడుతున్నాడు. ఆ పని కోసమే 1919 చివర్లో రేమండ్ జపాన్‌లో దిగాడు. చూశారా, కథలోకి హోటల్ వచ్చేసింది. ఆ హోటల్ 1923లో వచ్చిన ఘోరమైన భూకంపానికి నిలబడింది, 1968లో దాన్ని మనుషులే కూల్చేశారు. రేమండ్ మాత్రం అది పూర్తయ్యేదాకా ఉండలేదు. రైట్ నీడలోంచి బయటికొచ్చి టోక్యోలోనే సొంతంగా ప్రాక్టీస్ పెట్టుకుని, కాంక్రీట్‌తో ఇళ్ళు కట్టడం మొదలుపెట్టాడు.

ఆశ్రమంలో పవిత్ర అని పిలిచే ఒక ఫ్రెంచ్ ఇంజనీర్ ఉండేవాడు. ఆయన అంతకుముందు కొన్నేళ్ళు జపాన్‌లో ఉన్నాడు, అక్కడ రేమండ్‌తో పరిచయం. ఆ పరిచయమే ఈ ప్రాజెక్ట్. ఇప్పటి భాషలో చెప్పాలంటే రిఫరల్.

రేమండ్ ఆఫీసు నుంచి సైట్ మీదకి వచ్చినవాడు జార్జ్ నకషిమా. అమెరికాలో పుట్టిన జపనీస్ కుర్రాడు, ఎంఐటీలో ఆర్కిటెక్చర్ చదివాడు. 1937లో వచ్చి 1939 దాకా ఉన్నాడు. జీతం కూడా వద్దని ఆశ్రమంలో ఒకడిగా కలిసిపోయాడు, అక్కడ ఆయనకి సుందరానంద అని పేరు పెట్టారు. ఇంకో మనిషి ఫ్రాంటిషెక్ సమ్మర్, రేమండ్ లాగే చెక్. పారిస్‌లో లె కార్బూజియే ఆఫీసులో, ఆ తర్వాత మాస్కోలో పనిచేసి వచ్చినవాడు. రేమండ్ కూడా 1938లో కుటుంబంతో సహా వచ్చి కొన్ని నెలలు అక్కడే ఉన్నాడు. ఒక్కసారి ఊహించుకోండి. ఫ్రెంచ్ పాలనలో ఉన్న ఒక ఊరు, హైదరాబాద్ డబ్బు, చెక్ ఆర్కిటెక్ట్‌లు, జపనీస్ అమెరికన్ సైట్ ఇంజనీర్. కూలీలు ఎవరనుకున్నారు? చాలా మటుకు ఆశ్రమంలో ఉండేవాళ్ళే. అందులో ఎక్కువ మంది అంతకుముందు కాంక్రీట్ కలిపిన మొహాలు కావు.

కాంట్రాక్టర్ లేడు, హ్యాండోవర్ డేట్ లేదు. మధ్యలో రెండో ప్రపంచయుద్ధం వచ్చింది. 1937లో మొదలైన పని 1940ల మొదటి సగం దాకా సాగింది. తొందర లేకుండా, డబ్బుల ఒత్తిడి లేకుండా చేసిన పని అని రేమండ్ తర్వాత చాలా ఇష్టంగా గుర్తు చేసుకున్నాడు. రెండు వారాలకొకసారి స్ప్రింట్ అని పరిగెత్తిన నాలాంటి మాజీ సాఫ్ట్‌వేర్ వాడికి అది వింటే కొంచెం కుళ్ళు పుడుతుంది.

ఇప్పుడు అసలు టెక్నికల్ విషయానికొద్దాం.

మీ హాస్టల్ గానీ, మీరు దిగిన లాడ్జి గానీ ఒకసారి గుర్తు చేసుకోండి. మధ్యలో చీకటి కారిడార్, పగలు కూడా ట్యూబ్‌లైట్ వెలుగుతూ ఉంటుంది. దానికి ఇటు ఒక వరుస గదులు, అటు ఒక వరుస గదులు. ప్రపంచంలో చాలా హోటళ్ళ ప్లాన్ ఇదే. ఎందుకు? ఒక్క కారిడార్ ఖర్చుతో రెండు వరుసల గదులు వస్తాయి. ఓనర్‌కి లెక్క కుదిరింది. కానీ గదికి? ఒక వైపే బయటి గోడ, ఒకటే కిటికీ. గాలి లోపలికి రావాలంటే ఇంకో వైపు నుంచి పోవడానికి దారి ఉండాలి. ఇన్‌పుట్ ఉండి అవుట్‌పుట్ లేని ప్రోగ్రామ్ అన్నమాట, ఎంతసేపు రన్ చేసినా ఏమీ రాదు. కిటికీ బార్లా తెరిచినా గాలి కిటికీ దగ్గరే ఆగిపోతుంది. నా బీటెక్ రోజుల్లో నేనున్న హాస్టల్ గది పడమర వైపు, మూడో అంతస్తు, పైన స్లాబ్. ఏప్రిల్‌లో రాత్రి పదింటికి కూడా గోడ మీద చెయ్యి పెడితే ఇస్త్రీ పెట్టె ముట్టుకున్నట్టు ఉండేది. మేం తడి టవల్ కప్పుకుని చదివి సప్లీలు రాశాం.

గోల్కొండలో ఆ మధ్య కారిడారే లేదు. కారిడార్ ఒక పక్కకి, అంటే ఉత్తరం వైపుకి జరిగింది. గదులన్నీ ఒకే వరుసలో, దక్షిణం వైపు. కాబట్టి ప్రతి గదికీ అటు గాలి, ఇటు గాలి. బిల్డింగ్ సన్నగా, పొడుగ్గా రెండు రెక్కల్లా ఉంటుంది, ఒకటి కొంచెం ముందుకి, ఒకటి కొంచెం వెనక్కి. మధ్యలో మెట్లు. పొడుగు మొహాలు ఉత్తరానికి, దక్షిణానికి. పొట్టి గోడలు మాత్రమే తూర్పు, పడమరలకి. దీని వెనక లెక్క సింపుల్. మనలాంటి వేడి ప్రాంతాల్లో అసలు విలన్ మధ్యాహ్నం పన్నెండింటి సూర్యుడు కాదు. సాయంత్రం నాలుగింటికి కిందికి వంగి, నేరుగా గోడ మీద పడే పడమటి సూర్యుడు. వాడికి ఎంత తక్కువ గోడ చూపిస్తే అంత మంచిది.

మరి ఉత్తరం గోడ మీద ఎండ పడదు కదా, అక్కడ జాగ్రత్త ఎందుకు అని మీకు డౌట్ రావచ్చు. పడుతుంది. మే 9 ప్రాంతంలో, మళ్ళీ ఆగస్టు 3 ప్రాంతంలో మన హైదరాబాద్‌లో 'జీరో షాడో డే' అని న్యూస్‌లో వస్తుంది కదా, నిలబెట్టిన బాటిల్‌కి నీడ లేకుండా పోతుంది. ఆ రెండు తేదీల మధ్య మిట్టమధ్యాహ్నం సూర్యుడు మనకి ఉత్తరం వైపు ఉంటాడు. పాండిచ్చేరి మనకంటే కిందికి ఉంది కాబట్టి అక్కడ ఏప్రిల్ మూడో వారం నుంచి ఆగస్టు మూడో వారం దాకా అంతే. ఏడాదిలో నాలుగు నెలలు. అందుకే రెండు వైపులా రక్షణ కావాలి.

ఆ రక్షణే ఈ బిల్డింగ్ మొహం. మామూలు గోడా కిటికీ కాకుండా, నేల నుంచి పైకప్పు దాకా అడ్డంగా పేర్చిన వెడల్పాటి రెక్కలు. వీటిని లూవర్లు అంటారు. మీట తిప్పితే ఒక సెట్ రెక్కలు కలిసి తెరుచుకుంటాయి, మూసుకుంటాయి. ఎండ వస్తే వాలుగా తిప్పుతారు, వాన వస్తే మూస్తారు, సాయంత్రం గాలి తిరిగితే పూర్తిగా తెరుస్తారు. దూరం నుంచి చూస్తే మొత్తం బిల్డింగ్ ఒక పెద్ద చేప చర్మంలా, పొలుసులు పొలుసులుగా ఉంటుంది. గాజు దాదాపు పని లేకుండా పోయింది.

ఇక్కడ ఒక పాయింట్ గట్టిగా చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్ళలో దీన్ని ఉల్టా చేస్తాం. ఎండ గాజులోంచి లోపలికి వచ్చాక లోపల కర్టెన్ వేయడం వల్ల పెద్దగా లాభం లేదు. ఎండ గాజు దాటుతుంది, కర్టెన్ వేడెక్కుతుంది, ఆ వేడి తిరిగి గాజు దాటి బయటికి పోలేదు. ఎండలో పార్క్ చేసిన కారు లాగా. అడ్డం అనేది గాజుకి బయట ఉండాలి. గోల్కొండలో ఎండ గదిలోకి రాకముందే రెక్క మీద ఆగిపోతుంది, ఆ రెక్కకి తగిలే గాలే దాన్ని చల్లారుస్తుంది.

అయితే ఆ రెక్కలు ఆస్‌బెస్టాస్ సిమెంట్‌తో చేసినవి. అప్పట్లో అది అద్భుతమైన మెటీరియల్, ఇప్పుడు ఆ పొడి ఊపిరితిత్తులకి ప్రమాదం అని చాలా దేశాలు నిషేధించాయి. కాబట్టి ఎవరైనా ఇన్‌స్పైర్ అయితే డిజైన్ తీసుకోండి, మెటీరియల్ తీసుకోకండి.

సరే, గాలి లోపలికి వచ్చింది. గది తలుపు వేస్తే ఆగిపోదా? నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. తలుపులు టేకువి, పక్కకి జరిగేవి. వాటిలో చెక్క పట్టీలు ఒకదాని వెనక ఒకటి, సందులు కలవకుండా ఎడంగా బిగించారు. గాలి మెలికలు తిరిగి దూరుతుంది, చూపు మెలికలు తిరగలేదు కదా, ఆగిపోతుంది. కారిడార్‌లో పోయేవాడికి లోపలున్న మనిషి కనబడడు, లోపలున్న మనిషికి గాలి మాత్రం అందుతుంది. హోటల్ సమస్య అన్నాను చూశారా, ప్రైవసీ కావాలి, గాలి కూడా కావాలి అని, దానికి ఒక వడ్రంగి పనితో సమాధానం.

తోటలు కూడా ఊరికే అందానికి కాదు. ఉత్తరం వైపు చెట్లు గుబురుగా, నీడగా. దక్షిణం వైపు అంత గుబురు లేదు. నీడలో గాలి చల్లగా బరువుగా ఉంటుంది, ఎండ వైపు గాలి వేడెక్కి పైకి లేస్తుంది. దాంతో చల్లటి వైపు నుంచి వేడి వైపుకి గాలి గదుల గుండా నడుస్తుంది. సముద్రపు గాలి ఆగిపోయిన రోజున కూడా. పైకప్పు కూడా రెండు పొరలు: కింద మామూలు కాంక్రీట్ స్లాబ్, దాని మీద వంపు తిరిగిన పల్చటి కాంక్రీట్ పెంకులు, మధ్యలో గాలి ఖాళీ. పై పొర ఎండకి కాలుతుంది, కింది పొర దాని నీడలో ఉంటుంది. మనం మేడ మీద కొబ్బరి మట్టలు పరుస్తాం కదా, అదే ఐడియాకి కాంక్రీట్ వెర్షన్.

లోపల నేల నల్లగా నిగనిగలాడుతుంది. ఏంటో తెలుసా? కడప రాయి. మన వంటింటి గట్టుకీ, గోడ అల్మారా అరలకీ వాడే అదే కడప రాయి. గోడలకి చెట్టినాడు పద్ధతిలో సున్నపు పూత. తలుపు పిడులు, గొళ్ళాలు, మీటలు అన్నీ ఇత్తడివి. వాటి కోసం పాత ఇత్తడి సామాన్లు కరిగించి అక్కడే పోత పోసుకున్నారు. మంచం, కుర్చీ, బల్ల నకషిమా డిజైన్. ఆ మనిషి తర్వాత అమెరికా వెళ్ళాడు. 1942లో జపనీస్ రక్తం అన్న ఒక్క కారణానికి భార్యతో, పసిబిడ్డతో కలిపి క్యాంపులో బంధించారు. ఆ క్యాంపులోనే ఒక జపనీస్ వడ్రంగి దగ్గర పని మెళకువలు నేర్చుకున్నాడు. మరుసటి ఏడాది అతన్ని అక్కడి నుంచి బయటికి తెచ్చింది ఎవరు? మన రేమండే. తర్వాత నకషిమా ప్రపంచంలో పేరున్న ఫర్నిచర్ కళాకారుల్లో ఒకడయ్యాడు. పాండిచ్చేరి కుర్చీల గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు.

ఇప్పుడు మొదటి జవాబు, అద్దాల డబ్బా దగ్గరికి వద్దాం. 1952లో న్యూయార్క్‌లో లీవర్ హౌస్ అని ఒక ఆఫీసు కట్టారు. లీవర్ అంటే మన లక్స్, లైఫ్‌బాయ్ సబ్బుల కంపెనీయే. చుట్టూ ఆకుపచ్చ గాజు, ఒక్క కిటికీ తెరుచుకోదు, లోపల మొత్తం ఏసీ. సబ్బుల కంపెనీ కాబట్టి తళతళా మెరిసే గాజు వాళ్ళకి అడ్వర్టైజ్‌మెంట్ కూడా. ఆ గాజు తొడుగు ఫ్యాషన్ హోటళ్ళకి పాకింది. 1960లో కోపెన్‌హాగన్‌లో ఆర్నె యాకబ్సన్ కట్టిన ఎస్‌ఏఎస్ రాయల్ హోటల్ దానికి ఫేమస్ ఉదాహరణ. అందులో కుర్చీ నుంచి చెంచా దాకా ఆయనే డిజైన్ చేశాడు. ఎగ్ చైర్ అని గుడ్డు ఆకారంలో ఒక కుర్చీ సినిమాల్లో చూసి ఉంటారు, అది ఆ హోటల్ కోసం పుట్టిందే. 606 నంబర్ గదిని ఇప్పటికీ పాత రూపంలోనే ఉంచారు. నిజంగా అందమైన బిల్డింగ్, నాకేం కంప్లయింట్ లేదు. చలి దేశం, ఎండ కోసం మొహం వాచిన జనం, వాళ్ళకి గాజు వరం.

మన సమస్య, ఆ బొమ్మ ఇక్కడికి దిగుమతి అయ్యేటప్పుడు దాని వాతావరణం రాలేదు. బొమ్మ మాత్రమే వచ్చింది. మన దగ్గర 'ఎలివేషన్' అంటే ముందు మొహానికి నీలం గాజు అంటించడం అయిపోయింది. పడమర మొహం ఉన్న కాంప్లెక్స్‌కి కింద నుంచి పైదాకా గాజు పెట్టి, లోపల షాపు షాపుకీ ఏసీ పెట్టి, ఆ ఏసీల వేడి వెనక సందులోకి వదులుతాం. ఆ సందు మీదే పక్కింటి కిటికీ.

మరి గోల్కొండని తెచ్చి ఇబ్రహీంపట్నంలో పెడితే సరిపోతుందా? పోదు. అట్లా చేస్తే అది కూడా గాజు లాంటి కాపీయే అవుతుంది. పాండిచ్చేరిది సముద్రం పక్కన ఉక్కపోత. అక్కడ ఒంటికి గాలి తగలడమే సుఖం, అందుకే పగలూ రాత్రీ రెక్కలు తెరిచి ఉంచినా నడుస్తుంది. మనది దక్కన్. మే నెల మధ్యాహ్నం రెండింటికి ఇక్కడ రెక్కలు తెరిస్తే లోపలికి వచ్చేది వడగాలి. మన పాతవాళ్ళు దానికి వేరే పద్ధతి పట్టుకున్నారు: మందపాటి రాతి గోడలు, పగలు తలుపులన్నీ మూసేయడం, కిటికీకి వట్టివేళ్ళ తడకలు కట్టి నీళ్ళు చల్లడం, రాత్రి అన్నీ తెరిచి చల్లగాలితో గోడల్ని చల్లార్చడం. సరిగ్గా గోల్కొండ కడుతున్న రోజుల్లోనే హైదరాబాద్‌లో ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ కట్టారు, 1939లో ప్రారంభం. అదంతా గ్రానైట్ బరువు. రెండింటి వెనకా అదే నిజాం సర్కారు, అదే హైదరీ. ఒకటి రాయితో వేడిని ఆపింది, ఒకటి రెక్కలతో గాలిని పిలిచింది. ఏ ఊరి ఎండకి ఆ ఊరి జవాబు.

అయితే మూడు విషయాలు ఇక్కడికీ పనికొస్తాయి. పడమటికి తక్కువ గోడ. గాజుకి బయట నీడ. ప్రతి గదికీ గాలి పోయే రెండో దారి. వీటిలో మొదటిది ప్లాట్ కొనేటప్పుడే ఆలోచించాలి, రెండోది ఎప్పుడైనా చేయించుకోవచ్చు, మూడోది మేస్త్రీ గోడ లేపకముందే అడగాలి. మన చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీలు ఎన్ని ఉన్నాయో, వాటి చుట్టూ హాస్టళ్ళు ఎన్ని లేస్తున్నాయో మీకు తెలుసు. ఒక్కో గదిలో నలుగురు. ఆ పిల్లలు ఏసీ రూమ్ తీసుకుంటే ఫీజు పెరుగుతుంది, తీసుకోకపోతే నిద్ర పోతుంది. కారిడార్ ఎక్కడ పెట్టాలి అన్నది వాళ్ళని ఎవరూ అడగరు.

పాండిచ్చేరి వెళ్ళి గోల్కొండ చూడాలనుకునే వాళ్ళకి ఒక మాట. అది టూరిస్ట్ స్పాట్ కాదు, మనుషులు ఉండే చోటు. ముందుగా ఆశ్రమం వాళ్ళని అడిగి, వాళ్ళు సరేనంటేనే లోపలికి. సెల్ఫీ స్టిక్ బ్యాగ్‌లోనే ఉంచండి.

అప్పటిదాకా మీ గదిలో ఒక టెస్ట్ చేయండి. సాయంత్రం ఏడింటికి ఫ్యాన్ ఆపి, కిటికీ తెరిచి, గది తలుపు మూసి, మధ్యలో ఒక అగరుబత్తి వెలిగించండి. పొగ ఎటు పోతుందో చూడండి. తర్వాత తలుపు తెరిచి, తలుపుకి ఎదురుగా ఇంట్లో ఇంకో కిటికీ ఉంటే అది కూడా తెరిచి, మళ్ళీ చూడండి. మొదటిసారి నిలువుగా లేచి గదిలోనే తిరిగిన పొగ రెండోసారి పడుకుని ఒక వైపుకి పరిగెత్తితే, మీ గదికి రెండో దారి ఉన్నట్టే. లేదంటే మీ ఓనర్‌ని తలుపు పైన వెంటిలేటర్ ఒకటి పెట్టించమని అడగండి. అద్దె పెంచుతాను అంటాడు. అయినా అడగండి.